కంచె అవతల చర్చి, ఇవతల ఖర్జూరాలు

నేను పిరికిదాన్నని ముందే చెప్పేయడం మంచిది. లిఫ్టులో ఒక్కదాన్నే ఎక్కను. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూసే మనిషి తలెత్తి నా మొహంలోకి చూశాడంటే, చేయని తప్పు కూడా ఒప్పేసుకుందామా అనిపిస్తుంది. దమ్మామ్‌లో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా, సిగ్నల్ దగ్గర పోలీసు బండి పక్కన ఆగితే చాలు, నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులోకి పోయి ఇకామా కార్డు, అదే ఈ దేశంలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు, ఉందా లేదా అని తడుముకుంటుంది. అలాంటిదాన్ని నేను, జుబైల్ అవతల ఎడారిలో, ప్రభుత్వం వారు కంచె వేసి మూసి ఉంచిన ఒక పురాతన చర్చి పక్కన, రాళ్ళ కింద దాచిన డబ్బా కోసం వెతికి వచ్చాను. చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు.

దీనికంతటికీ కారణం మా ఆయన. పేరు విజయ్. ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్ ఇన్‌చార్జి. వారమంతా డబ్బాలు చూసిన మనిషి సెలవు రోజున హాయిగా పడుకోవాలి కదా, ఈయన డబ్బాల వేటకు బయలుదేరతాడు. ఆ ఆట పేరు జియోకాషింగ్. లోకంలో ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్ యాప్‌లో పెడతారు. మిగిలినవాళ్ళు ఆ గుర్తులు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాలి. దొరికితే అందులోని కాగితం మీద పేరు రాయాలి. లోపలున్న బొమ్మో బిళ్ళో తీసుకుంటే దానికి సాటి వస్తువు ఒకటి పెట్టాలి. తినే వస్తువులు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఆట తెలియని వాళ్ళెవరూ మనం వెతకడం చూడకూడదు. అంటే ఏ నేరమూ చేయకుండానే దొంగల్లా నడుచుకోవాలన్నమాట. నాలాంటిదానికి ఇంతకంటే శిక్ష ఇంకేముంటుంది?

## దమ్మామ్

శుక్రవారం నమాజు అయ్యాక మహబూబ్ బాషా గారు బండి తెచ్చి మా బిల్డింగు కింద హారన్ కొట్టారు. ఆయనది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా ఆయన కంపెనీలోనే డ్రైవరు. ఇసుకలో నడిచే పెద్ద బండి ఆయన చేతిలో ఉంటుంది, సెలవు రోజుల్లో సొంతానికి వాడుకోనిస్తారు. మా చిన్న కారుకు ఎడారి దారి చేతకాదు కాబట్టి మా ఆయన ఆయన్ని బతిమాలాడు.

బతిమాలాడని తెలిశాక ఇంట్లో నేను పెద్ద గొడవే చేశాను. ఎందుకంటే బాషా గారు ఫైనల్ ఎగ్జిట్ మీద ఉన్నారు. ఇక ఈ దేశానికి తిరిగి రారు. ఆదివారం పొద్దున బండి అప్పగించాలి. బండి గీత పడకుండా అప్పగిస్తేనే కంపెనీ క్లియరెన్స్ ఇస్తుంది, క్లియరెన్స్ చేతికొస్తేనే సోమవారం విమానం. మధ్యలో బండికి ఏమైనా అయినా, పోలీసు కేసు లాంటిదేదైనా తగులుకున్నా, ఆయన ప్రయాణం ఆగిపోతుంది. ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మా బిల్డింగులోనే ఒకాయన, ఇదిగో అదిగో అంటూ సర్దిన సూట్‌కేసు పక్కనే రెండు రంజాన్‌లు గడిపాడు.

"బాషా గారూ, ఇప్పుడు ఈ తిరుగుళ్ళు మీకు అవసరమా? హాయిగా రూములో ఉండి సామాను సర్దుకోక?" అన్నాను ముందు సీటు వెనక నుంచి.

ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వారు. "సామాను ఏముందమ్మా, రెండు పెట్టెలు. ఇన్నేండ్లు ఈ దేశంలో బండి తోలినా. చూసిందంతా గేట్లే. ఈ గేటు కాడ సరుకు ఎక్కించుకో, ఆ గేటు కాడ దించు. ఊర్లో మనమండ్లు, మనమరాండ్లు ఏం చూసినావ్ జేజినాయనా అంటే గేట్లు చూసినా అని చెప్పాల్నా? ఒక్కటన్నా చూసి పోతా."

నేను చేగోడీల స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. భయం వేసినప్పుడు నేను వంట చేస్తాను. ఆ ప్రయాణానికి ముందురోజు ఎంత భయపడ్డానో డబ్బా బరువు చూస్తే తెలిసిపోతుంది.

## ఖతీఫ్

ఖతీఫ్ దమ్మామ్‌కు పక్కనే. ఒకవైపు ఖర్జూరపు తోటలు, ఒకవైపు సముద్రం. చేపల మార్కెట్లో అడుగు పెట్టగానే నా ప్రాణం లేచి వచ్చింది. మాది చినగంజాం. ఉప్పు, రొయ్యలు, సముద్రపు గాలి మధ్య పుట్టిన మనిషికి ఆ వాసన అత్తరు కంటే మిన్న. రొయ్యలు అమ్మే బంగ్లాదేశ్ అబ్బాయి కిలో నలభై రియాళ్ళు అన్నాడు. నేను ముప్పైకి అడిగాను. "దీదీ, సముందర్ ముఝే ముఫ్త్ మే నహీ దేతా" అన్నాడు, సముద్రం నాకేమైనా ఊరికే ఇస్తోందా అని. మా ఊళ్ళో అయితే తలకాయలు తీసి చేతిలో పెట్టమంటాం. ఇక్కడ ఆ పని ఇంకో బల్ల దగ్గర, ఇంకో మనిషి, ఇంకో ధర. రొయ్యలు కొనలేదు, బండిలో కంపు కొడితే అప్పగింత రోజున బాషా గారికి మాట వస్తుందని. ఆ మాట అన్నది నేనే. ఆయన "నీకు ఎన్ని దిక్కులా భయముంటాదమ్మా" అన్నారు.

ఆ ఊళ్ళో పొయ్యి లోంచి అప్పుడే తీసిన నువ్వుల రొట్టె తిన్నాం. రియాల్ పెడితే చేతులు కాలేంత వేడి రొట్టె. దాన్ని చింపుకుంటూ సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుంటే, మా ఆయన మెల్లగా బెంచీ కింద చెయ్యి పెట్టి అటూ ఇటూ తడమడం మొదలుపెట్టాడు. మొదటి డబ్బా అక్కడే ఉందట, అగ్గిపెట్టెలో సగం కూడా లేని అయస్కాంతపు డబ్బీ. అదే సమయానికి ఒక పోలీసు జీపు రోడ్డు మీద నెమ్మదిగా వచ్చింది. నా నోట్లో రొట్టె గడ్డి అయిపోయింది. జీపు మమ్మల్ని దాటిపోయింది, అందులోని కుర్రాడు మా వైపు చూడనైనా చూడలేదు. మా ఆయన కాగితం మీద పేరు రాసేసి గెలిచినవాడిలా లేచాడు. నాకు మాత్రం ఆ ఒడ్డున ఇంకాసేపు కూర్చోవాలన్న కోరిక చచ్చిపోయింది.

## జుబైల్

రాత్రికి జుబైల్‌లో దిగాం. మాకు చిన్న హోటలు గది, బాషా గారికి తెలిసినవాళ్ళ క్యాంపులో మంచం. గదికి వెళ్ళేముందు ఒక మలయాళీ హోటల్లో పరోటా తింటుంటే పక్క బల్ల మనిషి మా తెలుగు విని కుర్చీ ఇటు జరుపుకున్నాడు. పేరు రాజన్న, జగిత్యాల వైపు. కట్టడాల మీద మేస్త్రీ పని.

"ఏడికి సార్, ఇంత దూరం ఫ్యామిలీతోని?" అన్నాడు.

మా ఆయన దాచుకోకుండా చెప్పేశాడు.

"గా పాత చర్చి కాడికా?" రాజన్న పరోటా ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. "గక్కడ ఏమున్నదని పోతున్నరు? కంచె కొట్టిండ్రు, లోపలికి ఇడువరు. మా క్యాంపుల ఇద్దరు పోయిండ్రు సార్, ఊకెనే, ఫోటోలు తీద్దామని. బండి నంబరు రాసుకున్నరట. ఎందుకొచ్చిండ్రు, ఎవలు పంపిండ్రని అడిగిండ్రట. కఫీలు దాంక పోయింది ముచ్చట. పాత జాగల పెంకు ముక్క ముట్టినా దొంగతనమే అంటరు. పైలం సార్."

కఫీలు అంటే ఇక్కడ మనల్ని పనికి పెట్టుకున్న యజమాని. మన ఉండడం, పోవడం ఆయన సంతకం మీద ఉన్నట్టే. నేను బాషా గారి వైపు చూశాను. ఆయన టీ గ్లాసు వైపు చూస్తున్నారు. ఆ చూపుతో నాకు నిద్ర పట్టే ఆశ పోయింది. గదికి వెళ్ళాక "ఏవండీ, వెనక్కి పోదాం" అన్నాను. "కంచె దాటం రత్నా. డబ్బా కంచెకు బయటే, చాలా దూరంలో ఉంది. దాటి వెళ్ళే చోట దాచకూడదని ఆటలోనే నియమం" అని మా ఆయన అటు తిరిగి గుర్రుపెట్టాడు. నియమాలు పాటించేవాళ్ళకు నిద్ర బాగా పడుతుంది.

## కంచె దగ్గర

శనివారం పొద్దున తారు రోడ్డు వదిలి మట్టి బాట పట్టాం. చలికాలం కదా, ఎండ మన మాఘమాసపు ఎండలా మెత్తగా ఉంది. పొదలు, ఇసుక, దూరంగా కరెంటు తీగలు. ఒక మలుపు తిరగ్గానే కంచె కనబడింది.

ఎంతో పెద్దగా ఊహించుకున్నాను. తీరా చూస్తే మా ఊరి పెంకుల చర్చి కంటే పెద్దదేమీ కాదు. మొండి గోడలు, పైకప్పు లేదు. మధ్యలో వాకిలి లాంటి ఖాళీ స్థలం, దానివైపు తెరుచుకున్న మూడు గుమ్మాలు. ఎన్నో శతాబ్దాల నాటిదట. ఎవరో విహారానికి వచ్చినవాళ్ళ బండి ఇసుకలో దిగబడితే, దాన్ని తవ్వి తీస్తుంటే ఈ గోడ తగిలిందని చెప్పుకుంటారు. గోడల మీద ఒకప్పుడు శిలువ గుర్తులుండేవట. కంచె బయటి నుంచి నాకు అవేవీ కనబడలేదు. నాకు కనబడింది ఆ గుమ్మాలే. ఎవరో చేపలు పట్టేవాళ్ళు, ముత్యాలు ఏరేవాళ్ళు ఆదివారం స్నానాలు చేసి, పిల్లల చేతులు పట్టుకుని ఆ గుమ్మంలో చెప్పులు విడిచి ఉంటారు. మా అమ్మమ్మ కూడా అలాగే విడిచేది, ఎండకు కాలకుండా గోడ నీడలోకి నెట్టి.

నాకు ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చోవాలనిపించింది. వెంటనే భయం వేసింది, ఈ దేశంలో మా ప్రార్థన బయట చేయకూడదు. ఎవరైనా చూస్తే? ఎక్కడైనా కెమెరా ఉంటే? నా పెదవులు కదలడం చూసే కేసు పెడతారేమో అన్నంత పిచ్చి ఆలోచన. బాషా గారు నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టున్నారు.

"ప్రార్థన చదువుకో అమ్మా. దేవుని మాట దేవునికే పోతాది, మధ్యలో ఎవురూ ఆపరు. నేను అట్ల తిరిగి నిలబడతా" అని మాకు వీపు పెట్టి దారి వైపు తిరిగి నిలబడ్డారు. నిలబడే నేను చిన్నప్పటి ప్రార్థన మనసులో చెప్పుకున్నాను. సగంలో మాటలు మరిచిపోయాను, భయానికి.

## డబ్బా

మూడు గుమ్మాలూ ఒకేసారి కనబడే చోటు నుంచి సముద్రం వైపు పోతే ఒక రాళ్ళ కుప్ప, అదీ గుర్తు. కంచె చిన్నగా కనబడేంత దూరం బండిలో పోయాక కుప్ప దొరికింది. మా ఆయన రాయి ఎత్తాడు. పాత మిలిటరీ రంగు డబ్బా. ఏడాదిగా దాన్ని ఎవరూ తెరవలేదని యాప్ చెబుతోంది.

మూత తీశాడు. కాగితం, పెన్సిలు, ఒక ప్లాస్టిక్ ఒంటె, తాళంచెవుల గొలుసు. వాటన్నిటి మీదా వెండి కాగితంలో పొట్లం. మా ఆయన విప్పాడు.

ఖర్జూరాలు. మిలమిలలాడుతున్న, నిన్న మొన్న పెట్టిన ఖర్జూరాలు.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడాదిగా ఎవరూ తెరవని డబ్బాలో తాజా ఖర్జూరాలు ఎలా వచ్చాయి? "తినేవి పెట్టకూడదే" అన్నాడు మా ఆయన, అదొక్కటే సమస్య అన్నట్టు. ఎవరికో ఈ డబ్బా సంగతి తెలుసు. ఎవరో రోజూ వచ్చి చూస్తున్నారు. ఎర వేసి పట్టుకోవడానికే పెట్టారు.

"పారేయండి. ముట్టుకోవద్దు. మందు కలిపారో ఏమో! పారేసి పదండి" అన్నాను.

"తినే వస్తువు పారబోయగూడదమ్మా. అందులో ఖర్జూరం" అన్నారు బాషా గారు. నేను ఆయన మీద కూడా అరిచాను. ఆయన పొట్లం చేతిలోకి తీసుకుని పక్కకు వెళ్ళారు. మా ఆయన గబగబా పేరు రాసి, ఒంటెను తీసుకుని, మేం తెచ్చిన కొండపల్లి బొమ్మ ఒకటి పెట్టి, రాయి కప్పాడు.

అప్పుడు వినబడింది ఇంజను చప్పుడు. కంచె వైపు నుంచి తెల్ల పికప్పు ఒకటి, దుమ్ము లేపుకుంటూ, సూటిగా మా వైపే వస్తోంది.

## ఉప్పు నేల

ఇక్కడి నుంచి జరిగినదంతా నా నోటి చలవ. బండిలోకి ఎలా ఎక్కామో గుర్తు లేదు. వచ్చిన బాట మీద పికప్పు ఉంది. కుడివైపు తెల్లగా మెరుస్తూ చదునైన నేల, దాని అవతల దూరంగా రోడ్డు మీద లారీలు కనబడుతున్నాయి.

"అటు పోనివ్వండి బాషా గారూ!"

"ఆ తెల్ల నేల మిందనా? నాకు తెలీదమ్మా ఆ నేల."

"నాకు తెలుసు! అది ఉప్పు తేలిన నేల. ఉప్పు మళ్ళలో పుట్టి పెరిగినదాన్ని. రాయిలా ఉంటుంది. మా ఊళ్ళో దాని మీద ఎడ్లబండ్లు పోతాయి. పోనివ్వండి!"

ఆయన ఇంకా తటపటాయిస్తున్నారు. పికప్పు లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఎర్ర రుమాలును గిరగిరా తిప్పుతోంది. ఎవరినో పిలుస్తున్నాడు, ఇంకా మనుషులున్నారు అని నేను కేక పెట్టాను. బాషా గారు స్టీరింగు తిప్పారు.

కాసేపు నేను చెప్పినట్టే ఉంది. టైర్ల కింద అప్పడాలు విరిగినట్టు పటపటమని చప్పుడు. తరువాత ఆ చప్పుడు ఆగిపోయింది. బండి ముందుకు పోవడం మానేసి కిందికి పోవడం మొదలుపెట్టింది. బాషా గారు కొంచెం వేగం పెంచారు, ఇంకా దిగింది. ఇంజను ఆపేశారు. తలుపు తీసి చూస్తే పైన వేలెడు తెల్ల పొర, కింద నల్లటి బురద. చక్రాలు సగానికి పైగా కనబడడం లేదు. చక్రం చేసిన గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి.

మా ఊరి ఉప్పు మడి గట్టిదే. కానీ అది పుట్టుకతో గట్టిది కాదు. నీళ్ళు పెట్టేముందు మా నాన్న, ఆయనతో పదిమంది, వరసగా నిలబడి రోజుల తరబడి కాళ్ళతో తొక్కితే గట్టిపడిన నేల అది. చిన్నప్పుడు ఆ తొక్కుడు చూస్తూ గట్టు మీద కూర్చున్నదాన్ని నేనే. ఇక్కడి నేలను ఎవరు తొక్కారు? ఆ ఆలోచన ముందు రావాలి, బురదలో దిగాక వచ్చింది.

"తవ్వితే మనకూ ఇంకో చర్చి దొరుకుతుందేమో" అన్నాడు మా ఆయన. ఎవరం నవ్వలేదు. బాషా గారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"రేపు పొద్దున బండి అప్పగించాల సార్" అన్నారు, మాకు తెలియనట్టు. "నా బిడ్డలకు సోమవారం అని చెప్పినా."

నేను ఏడ్చేశాను. నన్ను తిట్టినా బాగుండేది.

## ఎర్ర రుమాలు

పికప్పు తెల్ల నేల అంచున ఆగింది. అందులోంచి దిగింది పోలీసులు కారు. ఒకే ఒక్క ముసలాయన. బక్కపలచని మనిషి, ఒంటి మీద మాసిన తోబు, అదే అరబ్బుల పొడుగు చొక్కా, భుజం మీద ఆ ఎర్ర రుమాలు. ఆయన మమ్మల్ని చూసి రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి ఏదో అరిచాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను, మా ఆయన వెనక దాక్కుని.

"'సబ్ఖా, సబ్ఖా' అంటాండాడు. ఈ నేలను అట్లంటారు గావాల. 'అట్ల పోవద్దని రుమాలు ఊపితిని గదరా, కండ్లు లేవా మీకు' అంటాండాడు" అని బాషా గారు తర్జుమా చేశారు.

ఆ తరువాత ముసలాయన ఇంకేమీ అడగలేదు. ఇకామా అడగలేదు, పేరు అడగలేదు. టైర్లలో గాలి తీయమని సైగ చేశాడు. పికప్పును గట్టి ఇసుక మీదే ఉంచి, వెనక నుంచి పొడుగాటి తాడు తీశాడు. అది చాలకపోతే ఒంటెలను కట్టే తాళ్ళు దానికి ముడివేశాడు. మేం చేతులతో బురద తోడుతున్నాం, పైన వేసుకున్న నా అబాయా మోకాళ్ళ దాకా బురద అయిపోయింది. చక్రాల కింద పెట్టడానికి ఏమీ లేదు. ఆయన బండిలో తాను కూర్చునే కంబళి ఉంది, ఎర్ర నల్ల చారలది. దాన్ని తెచ్చి రెండుగా చించి, బాషా గారు వద్దు వద్దంటున్నా వినకుండా చక్రాల కిందికి తోశాడు. మొదటిసారి తాడు తెగింది. మళ్ళీ ముడివేశాడు. రెండోసారి బండి మూలిగి, కదిలి, మళ్ళీ కూర్చుంది. మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బండి గట్టి ఇసుక మీద ఉంది, బాషా గారు దాని చక్రం పక్కన నుదురు నేలకు ఆనించి ఉన్నారు.

మా ఆయన పర్సు తీశాడు. ముసలాయన మొహం గంటు పెట్టుకుని దాన్ని వెనక్కి తోశాడు. ఆయన కంబళి బురదలో పోయింది, తాడు పోయింది, మేం ఆయనకు ఏమీ ఇవ్వలేని స్థితి. అప్పుడు బాషా గారు జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, రెండు చేతులతో ఆయన ముందు పట్టారు.

అందులో ఖర్జూరాలున్నాయి. డబ్బాలోవి.

పారేయమని నేను అరుస్తున్నప్పుడే ఈయన వాటిని రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నారన్నమాట. తినే వస్తువు ఇసుకలో పడేయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. ముసలాయన ఒకటి తీసుకుని నోటి దాకా తీసుకెళ్ళి, ఆగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత బాషా గారిని చూశాడు. ఏదో అడిగాడు.

"యాడివి ఇవి అంటాండాడు సార్."

అయిపోయింది అనుకున్నాను. బండి బయటపడి కూడా దొరికిపోయాం. పాత స్థలంలోంచి వస్తువు తీశామని ఇప్పుడు ఫోన్ చేస్తాడు. బాషా గారు అబద్ధం చెప్పలేదు. రాళ్ళ కుప్ప వైపు వేలు చూపించారు.

ముసలాయన నవ్వాడు. పళ్ళు లేని నవ్వు, భుజాలు ఎగిరిపడేంత నవ్వు. ఖర్జూరం నోట్లో వేసుకుని, నవ్వుతూనే చెప్పుకుపోయాడు. బాషా గారు వింటూ వింటూ మాకు చెప్పారు, మధ్యలో ఆయన గొంతు కూడా నవ్వులోకి తిరిగింది.

ఆయన ఆ చుట్టుపక్కల ఒంటెలు మేపుకునే మనిషి, పేరు అబూ సాలిం. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాడట, ఎక్కడెక్కడి మనుషులో వచ్చి ఆ రాయి ఎత్తుతారు, ఒక డబ్బా తెరుస్తారు, ఏదో పెడతారు, సంతోషంగా పోతారు. ఒకసారి తానూ తెరిచి చూశాడు. వెనక వచ్చే బాటసారి కోసం ముందు పోయినవాళ్ళు పెట్టి వెళ్ళే ఆచారం కాబోలు అనుకున్నాడు. మంచి ఆచారమే. కానీ ఈ ఎర్రి జనం బొమ్మలు పెడుతున్నారు, తాళంచెవులు పెడుతున్నారు. ఆకలేసినవాడు ప్లాస్టిక్ ఒంటెను తింటాడా? అందుకని అప్పటి నుంచీ అటు వెళ్ళినప్పుడల్లా తన తోటలో ఖర్జూరాలు పెడుతున్నాడు. ఇన్నాళ్ళకు ఎవరో వచ్చి ఆ రాయి ఎత్తడం కళ్ళారా చూశాడు. పిలిచి కాఫీ పోద్దామని వచ్చాడు. "మీరేమో దొంగల్లా పరిగెత్తితిరి" అన్నాడట.

ఇసుక మీద కూర్చుని ఆయన ఫ్లాస్కులోని కాఫీ తాగాం. యాలకుల వాసన వేసే పలచటి పసుపు నీళ్ళు, పంచదార లేదు. మనకు అది కషాయం. ఖర్జూరం కొరుకుతూ తాగితే అప్పుడు తెలుస్తుంది పంచదార ఎందుకు వేయరో. ఆ ఖర్జూరాలు ఎంత బాగున్నాయని! పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా దిగని గొంతులోకి బెల్లంపాకంలా జారిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు చేగోడీల డబ్బా. తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ఒకదాన్ని పైకెత్తి దాని కన్నంలోంచి నన్ను చూశాడు. పళ్ళు లేవు కదా, కాఫీలో ముంచుకుని చప్పరించాడు. కారం తగిలి కళ్ళు నీళ్ళు తిరిగాయి. ఇంకొకటి తీసుకున్నాడు. మిగిలినవి డబ్బాతో సహా పక్కన పెట్టుకుని రాళ్ళ కుప్ప వైపు చెయ్యి చూపించాడు.

"దాంట్లో పెడతాడంటమ్మా. వెనక వచ్చేటోళ్ళకు" అన్నారు బాషా గారు.

తినేవి పెట్టకూడదని మా ఆయన నోరు తెరిచాడు. నేను కాలు తొక్కాను. మూసుకున్నాడు.

## తిరిగి వచ్చాక

దారిలో బండి కడిగే చోట ఆగి, అడుగు భాగం దాకా నీళ్ళు కొట్టించి, లోపల మేం ముగ్గురం పాత బట్టలతో తుడిచాం. ఆదివారం బాషా గారు బండి అప్పగించారు. తనిఖీ చేసినవాడు చక్రం లోపలి అంచున ఎండిన ఉప్పు చూసి సముద్రానికి పోయావా అని అడిగాడట. "చర్చికి పోయినా" అన్నారట ఈయన. వాడు వేళాకోళమనుకుని సంతకం పెట్టేశాడు. సోమవారం ఎయిర్‌పోర్టులో ఆయన గాజు తలుపు అవతలికి వెళ్ళేదాకా నేను గుప్పిళ్ళు విప్పలేదు.

మొన్న ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశారు. మనమలకు గేట్ల సంగతి కాక వేరేది చెప్పారట. చివర అడిగారు, "చేగోడీలు ఎవురన్నా తిన్న్యారా అమ్మా?"

తెలియదు. మా తరువాత ఎవరూ అక్కడికి పోయినట్టు యాప్‌లో లేదు. రోజూ పొద్దున్నే చూస్తున్నాను. నాకిప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఎవరో ఒకరు ఆ రాయి ఎత్తుతారు, ఎక్కడో ఎడారిలో, ఎవరు పెట్టారో తెలియని నా స్టీలు డబ్బా మూత తీస్తారు. ఆ మనిషి నాలాంటి పిరికిది అయితే ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. పారేయమని అరుస్తుంది. ఆ సమయానికి ఆమె పక్కన, మాట వినకుండా జేబులో వేసుకునేవాడు ఒకడు ఉంటే బాగుండును.